అపరకాళి అనకండి, కూలి లెక్క చెప్పండి

రెండేళ్ళ క్రితం శ్రావణంలో కరణ్‌కోట వెళ్ళాం. తాండూరు మండలంలో సిమెంటు ఫ్యాక్టరీ వున్న ఊరది. చుట్టుపక్కలంతా నాపరాతి గనులు, బండలు కోసి నునుపు చేసే పాలిష్ యూనిట్లు. మన ఇళ్ళల్లో కాళ్ళ కింద చల్లగా వుండే తాండూరు బండ ఇలాంటి చోట్ల నుంచే వస్తుంది. దాని మీద నడిచే మనకు దాన్ని మోసిన వాళ్ళ సంగతి పెద్దగా తెలియదు.

ఆ చుట్టుపక్కల ఒక యూనిట్‌లో పనిచేసే పద్నాలుగు మంది ఆడవాళ్ళకు మూడు నెలల కూలి రాలేదు. అడిగితే యజమాని రేపన్నాడు, ఎల్లుండన్నాడు, బిల్లు రాలేదన్నాడు. ఒకరోజు పొద్దున్నే వాళ్ళు గేటు ముందు కూర్చున్నారు. బండల లారీని కదలనివ్వలేదు. మేస్త్రీ వచ్చి ఒకామెను జబ్బ పట్టి లాగాడు. ఆమె తన చేతిలో తట్ట వాడి మీదకు విసిరింది. జరిగింది అంతే.

మర్నాడు ఒక పత్రిక జిల్లా పేజీలో ఫోటో పడింది. కొంగు నడుముకు దోపుకుని చెయ్యెత్తి అరుస్తున్న ఆడవాళ్ళు. పైన శీర్షికలో ‘అపరకాళికలు’ అనే మాట. మేం వెళ్ళేసరికి ఆ పేపరు మడతలు పడి, చేతులు మారి, చిరగడానికి సిద్ధంగా వుంది. చదువొచ్చిన ఒక పిల్ల దాన్ని పైకి చదివి వినిపించింది. ఆడవాళ్ళు ఎలా విరుచుకుపడ్డారో, కళ్ళు ఎలా ఎర్రబడ్డాయో, మేస్త్రీ ఎలా పరుగెత్తాడో అన్నీ వున్నాయి. మొత్తం విన్నాక తట్ట విసిరినామె అడిగింది.

“అక్కా, నన్ను కాళి అని రాసిండ్రు, మంచిదే. మూడు నెలల పైసల ముచ్చట ఏడ రాసిండ్రు?”

వెతికాం. లేదు. మగవాళ్ళకు రోజుకు ఆరు వందలు, అదే బండ ఎత్తే వీళ్ళకు మూడు వందల యాభై అన్న సంగతి లేదు. యూనిట్ పేరు లేదు. మేస్త్రీ చెయ్యి వేసిన సంగతి కూడా లేదు. పక్కనే వున్న ఇంకొకామె, అందరూ ఆపా అని పిలిచే ఆమె, ఫోటోలో ముందు వరసలో వున్నది తనే అని చూసుకుని పకపకా నవ్వింది. “మై బీ కాళీ హూఁ క్యా, బోలో!” అంది. అందరం నవ్వాం. కానీ ఆ నవ్వు తర్వాత చాలా రోజులు నన్ను వదల్లేదు. ఈ వ్యాసం రాయడానికి ఆ రెండు ప్రశ్నలే కారణం.

మనందరికీ ఆ మాట అలవాటైంది. భర్త కొడితే తిరగబడ్డ భార్య అపరకాళి. ఆకతాయిని చెప్పుతో కొట్టిన కాలేజీ పిల్ల దుర్గావతారం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకినప్పుడు కూడా అక్కలకు ఈ బిరుదులే ఇచ్చారు. మనం కూడా సభల్లో, కరపత్రాల్లో, పాటల్లో వాడాం. ఆ పొగడ్తలో మనకు తప్పు కనపడలేదు. ఆడదంటే అబల అన్నవాళ్ళు కాళి అంటున్నారు కదా, ఎంతో కొంత ముందుకు వచ్చినట్టే కదా అనుకున్నాం. ముందుకు రాలేదని నా వాదన. అబల అన్నా కాళి అన్నా మనిషి అని మాత్రం అనరు. కూలి, ఓటు, పట్టా, ఫిర్యాదు మనిషికి సంబంధించిన విషయాలు. అమ్మవారికి కూలి చీటీ ఎందుకు? ఆమె పోలీసు స్టేషన్‌కు ఎందుకు వెళ్తుంది?

అసలు ఈ యుద్ధ దేవత ఎక్కడ నుంచి వచ్చింది? దేవీ మాహాత్మ్యం చదివిన వాళ్ళకు తెలుసు. మహిషాసురుడి చేతిలో ఓడిపోయిన దేవతలు కోపంతో వూగిపోతే ఆ కోపాల వెలుగంతా ఒకచోట కలిసి స్త్రీ రూపం కట్టింది. శివుడు త్రిశూలం ఇచ్చాడు. విష్ణువు చక్రం ఇచ్చాడు. ఇంద్రుడు వజ్రాయుధం, వాయువు విల్లు, యముడు దండం, హిమవంతుడు సింహం. కుబేరుడైతే మధుపాత్ర ఇచ్చాడు, ఏం ఆలోచించి ఇచ్చాడో గానీ. ఆమె చేతుల్లో ఆయుధాలన్నీ ఒక్కొక్కటీ ఒక్కో మగవాడి సొత్తు. ఆమె కోపం కూడా వాళ్ళదే. తాము చేయలేని పనికి వాళ్ళు ఆమెను పిలిపించుకున్నారు. పని పూర్తయ్యాక స్తోత్రం చదివారు. ఇంద్రుడి సింహాసనం ఇంద్రుడికే దక్కింది. తొమ్మిది రాత్రులు నిలబెట్టి పూజించిన బొమ్మను మనం నీళ్ళలో కలిపేది కూడా ఆ పని అయిపోయాకే. గేటు ముందు కూర్చున్న మా కూలీ అక్కలకు ఈ కథ కొత్తగా ఏమీ అనిపించదు. పనికి పిలిచి, పని అయ్యాక పొగిడి పంపించి, పైసలు ఎగ్గొట్టే పద్ధతి వాళ్ళకు బాగా తెలుసు.

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డుపడతారని తెలుసు. దుర్గ బ్రాహ్మణ పురాణాల దేవత కావచ్చు, మా పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ అలా కాదంటారు. కంచ ఐలయ్య 1996లో ‘నేను హిందువునెట్లయిత?’ పుస్తకంలో పోచమ్మ గురించి రాసింది దాదాపు ఇదే. ఆమెకు బ్రాహ్మణ పూజారి అక్కర్లేదు, సంస్కృతం అక్కర్లేదు, ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకోవచ్చు. మొగుడి తొడ మీద కూర్చునే దేవత కాదామె. నిజం. తాండూరు పక్క ఏ ఊరికి వెళ్ళినా వేపచెట్టు కింద పసుపు రాసిన రాయి కనిపిస్తుంది. ఆ గుడి దగ్గర కుమ్మరో, చాకలో, బైండ్లాయనో పూజ చేస్తారు. చెరువు కట్ట మీద కట్టమైసమ్మ కత్తి పట్టుకుని కాపలా వుంటుంది. ఆ రాయి ముందు మాదిగ స్త్రీ తలెత్తుకుని బోనం దించుతుంది. పెద్ద గుడిలో ఆమెకు ఆ చోటు లేదు. నేను ఆ బోనాన్ని ఎగతాళి చేయను. మా అమ్మమ్మ చేసింది, మా అమ్మ చేసింది.

కానీ పోచమ్మ దగ్గర కూడా ఒక ప్రశ్న అడగాలి. అక్కడ ఆడది ఎప్పుడు మాట్లాడుతుంది?

పూనకం వచ్చినప్పుడు. మీలో చాలామంది చూసేవుంటారు. ఏడాది పొడుగునా తలవంచుకుని వున్న కోడలు బోనాలనాడు జుట్టు విరబోసుకుని వూగుతూ మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. నన్నెందుకు కొట్టినవురా అంటుంది. నా పుస్తె ఎవనికి అమ్ముకున్నవురా అంటుంది. అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోస్తుంది. మొగుడు వంగి “తప్పయింది తల్లీ” అంటాడు. ఊరంతా చూస్తుంది. ఒక ఊళ్ళో ఇదంతా చూసి, మర్నాడు ఆ ఇంటికి వెళ్ళి మొగుణ్ణి అడిగాను, నిన్న ఒప్పుకున్నావు కదా, పుస్తె ఎప్పుడు విడిపిస్తావని. వాడు ఆశ్చర్యంగా చూశాడు. “గా మాట ఇది అన్లేదు మేడం, అమ్మ అన్నది” అన్నాడు. ఆమె అక్కడే చాట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు.

ఇదీ అసలు కిటుకు. ఆడదాని కోపానికి ఆడది యజమాని కాదు. ఆమె నోట ఎంత నిజం వచ్చినా అది అమ్మవారి ఖాతాలోకి పోతుంది. అమ్మవారికి మొక్కు తీరిస్తే సరిపోతుంది, ఆమెకు పుస్తె ఇవ్వక్కర్లేదు. పత్రికవాడు అపరకాళి అని రాసినప్పుడు కూడా ఇదే జరిగింది. తట్ట విసిరింది కూలి రాని మనిషి. రాతలో మాత్రం కాళి విసిరింది. కాళి ఎందుకు విసిరిందని ఎవరూ అడగరు, ఆమె స్వభావమే అంత!

పూనకం ఆడవాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయమని, నోరు నొక్కేసిన చోట నోరు తెరుచుకునే దారి అని అంటే కాదనను. దారులు లేని చోట అది కూడా దారే. కానీ ఇంకో దారి తెరవాల్సిన మనం కూడా అదే దారిని చూపించి సంబరపడితే ఎలా? సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ భవిష్యవాణి చెబుతుంది. నా పూజలు సరిగా చేయడం లేదని గద్దిస్తుంది. మంత్రులు, అధికారులు వింటారు. తప్పులుంటే క్షమించు తల్లీ అని పెద్దలు వేడుకుంటారు. టీవీల్లో ప్రత్యక్ష ప్రసారం. 2014లో బోనాలు రాష్ట్ర పండుగ అయ్యాక ఈ హడావుడి మరింత పెరిగింది. అదే సికింద్రాబాద్‌లో ఏ అంగన్‌వాడీ కార్యకర్తో మట్టినేల మీద నిలబడి అంత గట్టిగా మంత్రిని అడిగితే ఏమవుతుందో మనకు అనుభవమే. వ్యాన్ ఎక్కిస్తారు. కుండ మీద నిలబడితే వింటారు, నేల మీద నిలబడితే వినరు.

అమ్మవారి శక్తి నిజంగా ఆడవాళ్ళకు దక్కేదైతే అందరికన్నా ముందు ఎవరికి దక్కాలి? ఆమె పేరు మీద విడిచిన ఆడపిల్లలకు. తాండూరు తాలూకా 1956 దాకా గుల్బర్గా జిల్లాలో వుండేది. ఇటు తెలుగు, అటు కన్నడం, మధ్యలో దక్కనీ కలిసిన నేల. కర్ణాటకలోని సౌదత్తి ఎల్లమ్మ ప్రభావం ఈ సరిహద్దు మీద బలంగా వుంది. జోగినీ ఆచారం పాతుకుపోయిన పాత మహబూబ్‌నగర్ జిల్లా కూడా ఆనుకునే వుంది. ఎల్లమ్మ ఉగ్రదేవత. బైండ్లవాళ్ళు జమిడిక వాయిస్తూ చెప్పే ఆమె కథ వింటే వొళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ ఆ కథ ఎక్కడ మొదలవుతుందో చూడండి. రేణుక నీళ్ళకు వెళ్ళి గంధర్వుణ్ణి చూసి ఒక్క క్షణం మనసు చలించిందని జమదగ్నికి కోపం వచ్చింది. తల నరకమన్నాడు. పెద్ద కొడుకులు నరకలేమన్నారు. చిన్నకొడుకు పరశురాముడు గొడ్డలి ఎత్తాడు. తర్వాత తల్లిని బతికించమని వరం అడిగాడు. కొన్నిచోట్ల చెప్పే కథలో ఆ గొడ్డలికి ఒక మాదిగ స్త్రీ కూడా బలైంది, అతికించేటప్పుడు తలలు తారుమారయ్యాయి. మొగుడు అనుమానించి, కొడుకు నరికితే గానీ ఆమె దేవత కాలేదు. మనం రోజూ పత్రికల్లో చదివే అనుమానపు హత్యకు దీనికి తేడా ఏమిటంటే, అక్కడ చచ్చిపోయినామె లేచింది.

సౌదత్తిలో మార్గశిర పున్నమికి రండె హుణ్ణిమె అంటారు, ముండమోపి పున్నమి అని. జమదగ్ని చనిపోయి ఎల్లమ్మ విధవ అయిన రోజు. అమ్మవారికి విడిచిన ఆడవాళ్ళ గాజులు ఆరోజు పగలగొడతారు. మళ్ళీ మాఘ పున్నమికి ఆమె సుమంగళి అయితే వీళ్ళకూ గాజులు తొడుగుతారు. కత్తి పట్టిన దేవత కూడా మొగుడు పోతే గాజులు పగలగొట్టుకోవాల్సిందే. ఇక జోగిని సంగతి చెప్పాలా? ఆమెను అమ్మవారికిచ్చి పెళ్ళి చేస్తారు. ఆమె దాదాపు ఎప్పుడూ మాలపిల్లో మాదిగపిల్లో అయివుంటుంది. జాతరలో అమ్మవారి ముందు ఆడేది ఆమె. ఊళ్ళో పీనుగ లేస్తే ముందు నడిచి ఆడేది ఆమె. రాత్రి ఆమె ఇంటికి వచ్చేవాళ్ళు పగలు ఆమెను ముట్టుకోరు. పిల్లలు పుడితే బడిలో తండ్రి పేరు దగ్గర ఖాళీ. అమ్మవారి పెళ్ళాం అన్నారు గానీ ఆమెకు అమ్మవారి మాన్యంలో గుంట భూమి రాదు.

దీన్ని నిషేధిస్తూ 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీల అంకిత నిషేధ చట్టం వచ్చింది. కర్ణాటక అంతకు ముందే 1982లో చేసింది. 1980లలో హేమలతా లవణం నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య వుండి పనిచేశారు. తర్వాత జోగినులే సంఘాలు కట్టి ముందుకు వచ్చారు. అయినా జస్టిస్ రఘునాథరావు ఏకసభ్య కమిషన్ 2013లో నివేదిక ఇచ్చేటప్పటికి రెండు తెలుగు ప్రాంతాల్లో కలిపి వీళ్ళ సంఖ్య సుమారు 80 వేలు అని తేలింది. చట్టం వచ్చిన పాతికేళ్ళకు! ఇన్ని వేలమందిని ఉగ్రదేవతకు అప్పగించారు. ఆ దేవత ఒక్క దొర చెయ్యి కూడా నరికిన దాఖలా లేదు. మేం కలిసిన ఒక పెద్దామె, చిన్నప్పుడే జోగినిగా విడిచిన మనిషి, చాలా మామూలుగా ఒక మాట చెప్పింది. “అమ్మ నాకు కత్తి ఇయ్యలేదు బిడ్డా. ఇచ్చేదుంటే ఒంటరి ఆడదాని పించను పుస్తకం ఇయ్యనుండె.” పించను కోసం ఆమె ఎన్నిసార్లు ఆఫీసు చుట్టూ తిరిగిందో అక్కడి అధికారికి గుర్తుండకపోవచ్చు, ఆమెకు గుర్తుంది.

పొగడ్తకు ఇంకో వైపు కూడా వుంది. దేవతలాగా వుండని ఆడదాన్ని ఏం చేస్తారు? 1978లో హైదరాబాద్‌లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారు, అడ్డువచ్చిన భర్తను కొట్టి చంపారు. జనం రోడ్ల మీదికి వచ్చారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. అయినా కేసు రాయచూరు కోర్టుకు పోయి, అక్కడ పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ మధ్యలో జరిగిందల్లా ఆమె మంచిది కాదని, వేశ్య అని రుజువు చేయాలన్న ప్రయత్నమే. గుళ్ళో నిలబడకపోతే బజార్లో నిలబెడతారు. రెంటికీ మధ్య మనిషి నిలబడే చోటు ఇంత ఇరుకుగా ఎందుకుందో కాళి భక్తులు చెప్పాలి.

నిజంగా యుద్ధం చేసిన ఆడవాళ్ళు మనకు లేరా? వున్నారు. వాళ్ళను ఏం చేశామో చూద్దాం. మేడారం సమ్మక్క కరువులో కప్పం కట్టమని కాకతీయ సైన్యంతో తలపడిందని కోయల గాథ. కూతురు సారక్క కూడా ఆ పోరులోనే పోయింది. దెబ్బతిన్న సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్ళి మాయమైందని, వెతికితే కుంకుమభరిణె దొరికిందని చెబుతారు. పన్ను ఎగ్గొట్టిన మనిషి అలా కుంకుమభరిణె అయింది. రెండేళ్ళకోసారి లక్షలమంది నిలువెత్తు బెల్లం మొక్కుతారు. ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది. 2023లో ఆమె పేరుతో ములుగులో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే. పోడు భూమికి పట్టా అడిగే కోయ స్త్రీకి మాత్రం 2006 అటవీ హక్కుల చట్టం వచ్చి ఇంతకాలమైనా సర్వే కాగితం, సాక్ష్యం కాగితం, మళ్ళీ సర్వే కాగితం. సమ్మక్క పోట్లాడింది సరిగ్గా ఇలాంటి విషయం మీదే కదా?

చాకలి ఐలమ్మ కూడా అంతే. పాలకుర్తిలో ఆమె విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది పండించిన ధాన్యం ఇంటికి చేరాలని. ఇది కౌలు భూమి పోరాటం, గింజల పోరాటం, వెట్టి పోరాటం. హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు. వేదికల మీద వీరనారి, అపరకాళి అంటారు. ఆ భూమి లెక్క ఎవరైనా చెబుతారా? తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. 1951లో పోరాటం ఆగిపోయాక వాళ్ళలో చాలామందిని ఇళ్ళకు పంపించారు, వంటింటికి, పెళ్ళికి. యుద్ధం అయ్యాక బొమ్మను నీళ్ళలో కలపడం అంటే ఇదే.

నిజమే, ఆ సంస్థ పేరులో కూడా శక్తి వుంది. ఢిల్లీలో 1984లో మొదలైన తొలి స్త్రీవాద ప్రచురణ సంస్థ ‘కాళి ఫర్ విమెన్’ పేరు పెట్టుకుంది. ఆ రోజుల్లో మనం ఆ పేర్లలో ధైర్యం వెతుక్కున్నాం. నేను కూడా వెతుక్కున్నాను, సిగ్గుపడను. కానీ ఆ తర్వాత ఏమైంది? 1991లో విశ్వహిందూ పరిషత్ దుర్గావాహిని పెట్టింది. ఆడపిల్లల చేతికి త్రిశూలం ఇచ్చింది. ఎవరి మీదకు? కట్నం అడిగిన మామ మీదకా? కూలి ఎగ్గొట్టిన కాంట్రాక్టరు మీదకా? పక్కవీధిలో వుండే ఇంకో మతం వాళ్ళ మీదకు. త్రిశూలం ఇచ్చినవాళ్ళే శత్రువును కూడా చూపించారు, పురాణంలో లాగే. 1971 యుద్ధం తర్వాత ఇందిరాగాంధీని దుర్గ అన్నారు. ఆ మాట వాజ్‌పేయి అన్నాడని చెప్పుకున్నారు, ఆయన అనలేదన్నాడు. ఎవరన్నా గానీ, నాలుగేళ్ళకే ఆ దుర్గ ఎమర్జెన్సీ పెట్టింది. 1998లో పోఖ్రాన్‌లో అణుబాంబులు పేల్చి ఆ పనికి ‘ఆపరేషన్ శక్తి’ అని పేరు పెట్టారు. 2025 మేలో పాకిస్తాన్ మీద చేసిన సైనిక చర్యకు ‘ఆపరేషన్ సిందూర్’ అన్నారు. పహల్గామ్‌లో భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ళ పాపిట సింధూరం సైనిక చర్యకు పేరయింది. వాళ్ళలో ఒకామె మాకు శాంతి కావాలి, ముస్లింల మీద, కాశ్మీరీల మీద పడొద్దు అంది. అంతే, ఆమెనే బూతులు తిట్టారు. సింధూరం కావాలి, సింధూరం పెట్టుకున్నామె నోట్లో మాట అక్కర్లేదు.

2023లో చట్టసభల్లో మూడోవంతు సీట్ల చట్టం చేశారు. పేరు ‘నారీ శక్తి వందన్’. హక్కు ఇస్తున్నప్పుడు వందనం ఎందుకు? ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లకు ఏ వందనమూ పెట్టలేదే రాజ్యాంగం! జనగణన జరగాలి, నియోజకవర్గాల పునర్విభజన జరగాలి, అప్పుడు గానీ సీట్లు రావని ఆ చట్టంలోనే రాశారు. మన భాషలో మొక్కుబడి అనే మాటకు రెండు అర్థాలు ఎందుకు వచ్చాయో నాకు అప్పుడు బాగా అర్థమైంది.

కరణ్‌కోట సంగతికి వస్తాను. ఆపా నవ్వు నన్ను వదల్లేదన్నాను కదా. ఆ పద్నాలుగు మందిలో మాదిగ వాళ్ళున్నారు, లంబాడా వాళ్ళున్నారు, ముగ్గురు ముస్లింలు. కాళి అన్న మరుక్షణం ఆ ముగ్గురూ ఫోటోలో వుండి కూడా వార్తలోంచి బయటికి వెళ్ళిపోయారు. గేటు ముందు కూర్చున్నప్పుడు వాళ్ళను కలిపింది మూడు నెలల బాకీ. దుమ్ముకు వచ్చే ఒకే రకం దగ్గు. వాళ్ళను కలిపినదాన్ని వదిలేసి విడగొట్టే మాటను నెత్తిన పెట్టుకుంటే సంఘం నిలబడుతుందా? ఇది పత్రికవాడికి పట్టకపోవచ్చు. మనకు పట్టాలి. ఆ వార్తను కత్తిరించి మన ఆఫీసు గోడకు అంటించాలని, కరపత్రం మీద అదే ఫోటో, అదే శీర్షిక వేయాలని మాలోనే ఒకరు అన్నారు. గంటసేపు వాదించుకున్నాం. చివరికి ఆ ఆడవాళ్ళనే అడిగాం.

వాళ్ళు చెప్పింది రాశాం. ఒక ఠావు కాగితం. పైన పద్నాలుగు పేర్లు. ఒక్కొక్క పేరు ఎదురుగా ఏ నెలలో ఎన్ని రోజులు పనిచేశారు, రోజుకు ఎంత ఒప్పుకున్నారు, ఎంత ముట్టింది, ఎంత రావాలి. రోజుల లెక్క కొందరు గోడ మీద బొగ్గుతో గీసిన గీతల నుంచి చెప్పారు, ఒకామె కొంగు ముడుల నుంచి చెప్పింది. కింద ఇంకో వరస రాయించారు. అదే పనికి మగవాళ్ళకు ఎంత ఇస్తున్నారని. సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చిందని, దాన్ని ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో కలిపారని మేం చెబితే, “అయితే గది గూడ రాయిండ్రి” అన్నారు. మేస్త్రీ జబ్బ పట్టుకున్న సంగతి రాయాలా వద్దా అని కాసేపు గుసగుసలాడుకున్నారు. రాయమంది తట్ట విసిరినామె. “నా చెయ్యి వట్టిండు, నేనే కొట్టిన. నా పేరే రాయి, అమ్మ పేరు రాయకు” అంది.

కార్మిక శాఖ ఆఫీసులో ఆ కాగితం తీసుకున్న ఆయన కళ్ళజోడు పైకెత్తి, మీరేనా పేపర్లో వచ్చిన కాళికలు అని నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. రసీదు ఇయ్యమన్నారు. స్టాంపు వేసి ఇచ్చాడు. నలభై రోజుల తర్వాత రెండు నెలల కూలి వచ్చింది. మూడో నెలది ఇంకా రావాల్సే వుంది. మగవాళ్ళకు, ఆడవాళ్ళకు మధ్య తేడా అలాగే వుంది. దాని మీద రెండో అర్జీ పెట్టారు. ఆ రసీదు నకలు ఆపా దగ్గర వుంది. పెట్టెలో, రేషన్ కార్డు కింద పెట్టుకుంది.